లోకల్ దాటేదాకా ఆగిన ప్లాసీ యుద్ధం

మా కాలంలో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, నేను బి.ఎడ్. చదివిన రోజులు తలుచుకుంటే అవి ఎవరో వేరే పిల్లకి జరిగినట్టుంటాయి. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఇంట్లో పుట్టిన పిల్లలు ఏం చదవాలో అప్పటికే అందరూ తీర్మానించి ఉంచారు. ఐ.టి.ఐ., లేదా డిప్లొమా. లెక్కలు మరీ బాగా వస్తే ఊరికి అవతలున్న పెద్ద ఇంజనీరింగ్ సంస్థ గేటు వైపు ఆశగా ఒక చూపు. ఇవేవీ కాకపోతే రైల్వే పరీక్ష ఎలాగూ ఉంది. అలాంటి చోట నేను హిస్టరీ తీసుకున్నాను. ఆ కబురు మా ట్రాఫిక్ కాలనీలో పాకేసరికి నాకేదో జబ్బు చేసినట్టు జనం పరామర్శకు వచ్చారు. పక్క క్వార్టర్‌లో ఉండే షంటింగ్ మామ (యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగ్ పని నుంచి రిటైరై చాలా కాలమైనా ఆ పేరు మాత్రం రిటైరవలేదు) మా అరుగు మీద కూర్చుని ఎంతో ప్రేమగా అడిగాడు. "హిస్టరీ అంటే సచ్చిపోనోల సంగతులే కదమ్మా. ఆల గురించి ఇప్పుడు తెలుసుకొని ఏటి సేస్తావు? ఆల్లు మల్లీ రారు కదా."

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టర్. నేను బి.ఎడ్.లో చేరేసరికి ఆయన రిటైర్మెంటు దగ్గర పడింది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. చేసి ఎక్కడికెళ్ళాలన్నది మా ఇంట్లో అన్నం దగ్గరా టీ దగ్గరా నలిగే ప్రశ్న. మా తాతల ఊరు శ్రీకాకుళం అవతల ఉంది, అక్కడ ఎవరో చిన్నాన్న వరస ఆయన ఉన్నాడు, రమ్మంటున్నాడు. నాన్న తేల్చి చెప్పేశాడు. "అమ్మీ, నీకు ఈ ఊర్లో ఉజ్జోగం దొరికిందా, సుభాష్‌పల్లిలో చిన్న ఇల్లు సూసుకుందాం. నేదా, సామాను ఎక్కించేద్దాం." ఈ మాటకి అందరికన్నా ఎక్కువ హడలిపోయింది మా మామ్మ. నాన్నకి తల్లి. పెళ్ళికూతురుగా ఈ ఊళ్ళో రైలు దిగిన మనిషి, మళ్ళీ పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప అటు వెళ్ళలేదు. అక్షరం ముక్క రాదు గానీ తెలుగు, బెంగాలీ, హిందీ, ఒరియా నాలుగింటిలోనూ చేపలు బేరమాడగలదు. "ఆ ఊర్లో నాకెవులు తెలుసు?" అనేది. "నా నేస్తులందరూ ఈ బజార్లోనే ఉన్నారు. నన్ను ఊరు పంపించీకండి బాబూ." అని నా వైపు చూసేది. ఆ చూపులో నా చదువు మీద ఎంత బరువు పెట్టిందో తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ట్రైనింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పడం ఎలాగో నేర్పే మేడం ఒకావిడ ఉండేది. చాలా మంచిది, కాకపోతే నవ్వితే క్రమశిక్షణ కారిపోతుందని ఆవిడ భయం. పాఠానికి ఒక పరిచయం ఉండాలి, మధ్యలో ప్రశ్నలుండాలి, చివర బోర్డు మీద సారాంశం ఉండాలి, చేతిలో చార్టో బొమ్మో ఏదో ఒక టీచింగ్ ఎయిడ్ ఉండాలి. వీటన్నిటికీ మించిన ఆజ్ఞ ఒకటుంది. టీచరు ఎప్పుడూ మాట్లాడుతూ ఉండాలి. "క్లాసులో నిశ్శబ్దం వచ్చిందంటే క్లాసు మీ చెయ్యి జారిందన్నమాట," అనేది. ఫైనల్ ప్రాక్టికల్‌కి నాకు పడిన పాఠం ప్లాసీ యుద్ధం. బెంగాల్ నవాబు, కంపెనీ సైన్యం, నవాబుని నమ్మించి మోసం చేసిన సేనాపతి. పేర్లు మీకు తెలిసినవే, బెంగాల్లో ఆ సేనాపతి పేరు ఇప్పటికీ తిట్టే. ఆ పాఠాన్ని నోటికొచ్చేదాకా చెప్పి చూసుకోవాలి కదా, ఎవరికి చెప్పను? మా ఇంటి అరుగుకే చెప్పాను.

వర్క్‌షాపు సైరన్ కూసేది, నాన్న సైకిలు మీద వచ్చేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, అమ్మ టీ ఇచ్చేది, ప్లాసీ యుద్ధం మొదలయ్యేది. శ్రోతలు నాన్న, మామ్మ, షంటింగ్ మామ, ఎదురింటి బెంగాలీ బౌది (వదినని వాళ్ళు అలా అంటారు). పాఠం హిందీలో చెప్పేదాన్ని, అందరికీ అర్థమయ్యేది. బౌది నాకోసం చార్టు మీద మామిడి తోట గీసిపెట్టింది, అవి ఎలా చూసినా కొబ్బరి చెట్లలాగే ఉండేవి. నాన్న వర్క్‌షాపులో మిగిలిపోయిన కర్రతో నాకొక పాయింటర్ చెక్కాడు. అది పట్టుకుంటే నేను టీచర్‌లా కాదు, గేట్‌మన్‌లా ఉన్నానని బౌది పడీ పడీ నవ్వింది. మొదటి రోజు అందరూ మర్యాదకి విన్నారు. రెండో రోజు నుంచీ మామ్మకి కథ పట్టుకుంది. యుద్ధంలో హఠాత్తుగా వాన పడుతుంది, కంపెనీవాళ్ళు తమ మందుగుండు మీద తార్పాలిన్లు కప్పుకుంటారు, నవాబు మందుగుండు మాత్రం తడిసిపోతుంది. ఆ ఘట్టం రాగానే మామ్మ నాన్న మీద పడేది. "మన నిమ్‌పురా యార్డులో ఎన్ని తార్పాలిన్లు ఊరికే పడున్నాయిరా. ఆ గుంటడికి ఒక్కటిచ్చేవోడు నేకపోనాడు." నాన్న టీ గ్లాసు దించి, "మరి ఆ రోజున యార్డు లేదు కదమ్మా," అని సంజాయిషీ చెప్పుకునేవాడు, ఏదో తన డ్యూటీలోనే లోపం జరిగినట్టు. ఇక పాఠం మొదలుపెట్టే ముందు ప్రతి సాయంత్రం మామ్మది ఒకటే కోరిక. "ఒలే గుంటా, ఈయేలైనా ఆడ్ని గెలిపించవే." "హిస్టరీ మామ్మా, మార్చకూడదు." "నువ్వు సెప్పే పాఠమే కదా, నీ నోట్లోదే కదా," అని గొణుక్కునేది.

ఇందులో ఒక చిక్కుంది. మా క్వార్టర్ల వెనకాలే పట్టాలు. సరిగ్గా నేను "సేనాపతి సైన్యం కదల్లేదు, అలాగే నిలబడిపోయింది" అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం లోకల్ వచ్చేది. రైలు పక్కన పుట్టినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. బండి వస్తే మాట ఆపుతాం, బండి వెళ్ళాక ఆపిన ముక్క నుంచే అందుకుంటాం. మా ఇళ్ళలో పోట్లాటలు కూడా అలాగే జరుగుతాయి. నేనూ ఆ వాక్యం దగ్గర వేలు పైకెత్తి ఆగేదాన్ని. ఎప్పుడైనా బండి ఆలస్యమైతే షంటింగ్ మామ నన్ను ముందుకు వెళ్ళనిచ్చేవాడు కాదు. "ఆగమ్మా, లైన్ క్లియర్ అవనీ. ముందుకెలిపోయి మద్దిలో ఆగితే సైన్యాలు గుద్దుకుంటాయి." అలా అందరం, నవాబుతో సహా, లోకల్ కోసం ఎదురుచూసేవాళ్ళం. బండి దాటాక మామ తన మెడలోని ఆకుపచ్చ తువ్వాలు తీసి ఒక్క ఊపు ఊపేవాడు. నేను వేలు దించి యుద్ధం కొనసాగించేదాన్ని. ఆ రైలు చప్పుడులో మామ్మ పెదవులు ఏదో గొణుగుతూ కదులుతుండేవి. రైలంటే భక్తి కాబోలు, రామనామం చేసుకుంటోందనుకునేదాన్ని.

ఫైనల్ ప్రాక్టికల్ జరిగిన బడి కూడా పట్టాల పక్కదే, ఏ బండి దయవల్లో సరైన వేళకి చప్పుడు కూడా అయింది, పాసయ్యాను. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. ప్రైవేటు బడికి వెళ్తే, "మ్యాథ్స్ ఆ, సైన్స్ ఆ?" అని నవ్వు ముఖంతో అడిగేవారు. హిస్టరీ అనగానే ఆ నవ్వు చల్లారిపోయేది. ఒక బడిలో హిస్టరీతో పాటు డ్రాయింగు, పి.టి. కూడా చెప్తావా అన్నారు. డ్రాయింగు సంగతి బౌది కొబ్బరి చెట్లని తలుచుకుని మానుకున్నాను. ట్యూషన్లు చెప్దామంటే హిస్టరీకి ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఈలోగా నాన్న రిటైరయ్యాడు, దండ వేశారు, గొడుగు ఇచ్చారు. క్వార్టర్ ఖాళీ చేసే గడువు దగ్గరికొచ్చింది. అమ్మ అటక మీద ట్రంకు పెట్టెలు దింపి దుమ్ము దులుపుతుంటే మామ్మ ఆ గదిలోకే వచ్చేది కాదు. బజారుకి వెళ్ళి చేపలావిడ పక్కన కూర్చుని వచ్చేది. నాకు ఏడుపొచ్చేది, ఏడిస్తే ఇంకా భయపడుతుందని నవ్వేదాన్ని.

అప్పుడు సుభాష్‌పల్లిలో ఒక హిందీ మీడియం బడి నుంచి పిలుపొచ్చింది. డెమో క్లాసు చెప్పాలి, పాఠం మన ఇష్టం. ఇష్టమేముంది, నా దగ్గరున్నది ఒక్కటే యుద్ధం. బయల్దేరుతుంటే మామ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నన్నొగ్గీసి ఎల్లకు. నాను బైట కూకుంటాను. నోరు మెదపను." వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చార్టు నా చేతిలో, పాయింటర్ మామ్మ చేతిలో, రిక్షా ఎక్కాం.

ఆ బడి ఒక సందు చివర ఉంది. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నా చెప్పుల చప్పుడికి నాకే సిగ్గేసింది. మామ్మని క్లాసు కిటికీ బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను. లోపల వెనక బెంచీలో బొర్‌దీ (అక్కడ హెడ్‌మిస్ట్రెస్‌ని అలా పిలుస్తారు, పెద్దక్క అని), ఆవిడ పక్కన బడి సెక్రటరీ దాదా. మొదలుపెట్టాను. ట్రాఫిక్ కాలనీలో రైళ్ళ పక్కన పెరిగిన గొంతు కదా, మొదటి వాక్యానికే ముందు బెంచీ పిల్లలు వెనక్కి వాలారు. తగ్గించుకున్నాను. మామిడి తోట చూపించాను, అవి మామిడి చెట్లేనని ముందే చెప్పేశాను. వాన పడింది, మందుగుండు తడిసింది, అంతా నోటికొచ్చిన వరసలో చక్కగా జారిపోతోంది. "సేనాపతి సైన్యం కదల్లేదు, అలాగే నిలబడిపోయింది," అన్నాను. నా వేలు పైకి లేచింది. నోరు మూసుకుంది.

ఆ సందులో రైలు రాదని నా బుర్రకి తెలుసు. నోటికి తెలియదు. తర్వాతి వాక్యం ఏమిటో వెతుక్కున్నాను. అది ఆకుపచ్చ తువ్వాలు చివర కట్టి ఉంది, తువ్వాలు ట్రాఫిక్ కాలనీలో ఉంది. పిల్లలు నా వేలినే చూస్తున్నారు. కొందరు వేలు చూపించిన పైకప్పు వైపు కూడా చూశారు. నిశ్శబ్దం వస్తే క్లాసు చెయ్యి జారినట్టే అన్న మేడం ముఖం కళ్ళముందు నిలిచింది. ఆ ముఖం వెనకాల ట్రంకు పెట్టెలు కనిపించాయి. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, కిటికీ బయట నుంచి స్పష్టంగా, బతిమాలుతున్నట్టు ఒక గొంతు వచ్చింది.

"ఓ బాబా, పేఛొనే దేఖో. ఓకే బిశ్శాస్ కొరో నా."

బాబూ, వెనక్కి చూసుకో, వాడిని నమ్మకు. మామ్మ గొంతు. రామనామం కాదు. ఇన్ని రోజులూ రైలు చప్పుడు మాటున మా మామ్మ చేసిన పని ఇదన్నమాట, నవాబుకి హెచ్చరిక. క్లాసంతా ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగింది. సెక్రటరీ దాదా లేచి నిలబడి, "కే? ఓఖానే కే?" అన్నాడు, ఎవరక్కడ అని. బొర్‌దీ కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. అయిపోయింది, ఉద్యోగం పోయింది, ఊరు పోయింది అనుకున్నాను. నా వేలు ఇంకా గాల్లోనే ఉంది, దాన్ని దించాలన్న సంగతి కూడా మర్చిపోయాను. అప్పుడు ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతె నా వైపు తిరిగి చాలా గంభీరంగా అడిగింది.

"మిస్, నవాబుకి వినపడిందా?"

"లేదమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వినపడలేదు."

"అయ్యో. ఇంకెవరూ చెప్పలేదా?"

"చెప్పారేమో మరి. మీరు అక్కడుంటే ఏం చెప్పేవాళ్ళు?"

ఇక ఆ క్లాసుని ఆపడం నా వల్ల కాలేదు. ఒకడు సేనాపతిని ముందురోజే కట్టేసి ఉంచమన్నాడు. ఇంకొకడు యుద్ధం ఎండాకాలానికి మార్చమన్నాడు. వెనక నుంచి ఒక పిల్లాడు, వాళ్ళ నాన్నది కచ్చితంగా రైల్వేయే, తార్పాలిన్ తెచ్చిస్తానన్నాడు. నమ్మకం గురించి, మోసం గురించి, నవాబు అంత చిన్నవయసు వాడు కావడం గురించి వాళ్ళే మాట్లాడుకున్నారు, నేను మధ్యలో ఒక్కో మాట అందించాను. బెల్లు కొట్టేసరికి పాఠం పూర్తి కాలేదు, బోర్డు మీద సారాంశం లేదు, ముగింపు లేదు. బి.ఎడ్. లెక్కలో నేను చెయ్యని నేరం లేదు.

ఆఫీసు గదిలో సెక్రటరీ దాదా ముందు ప్రశ్న అదే వేశాడు. "బయట ఉన్న ఆ ముసలమ్మ ఎవరు?"

"మా నాన్నమ్మ సార్."

"ఆవిడ్ని టీచింగ్ ఎయిడ్ కింద తెచ్చుకున్నారా?" ఆయన వేళాకోళం ఆడటం లేదు, నిజంగానే అడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. అరుగు, సాయంత్రం లోకల్, ఆకుపచ్చ తువ్వాలు, అన్నీ. బొర్‌దీ మొదట పెదవులు బిగబట్టింది, తర్వాత బల్ల మీద తల ఆనించి నవ్వింది, ఆఖరికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "డెమో క్లాసులంటే పిల్లలు గంట ఎప్పుడు కొడతారని అడగడమే నేను విన్నాను. నవాబుకి వినపడిందా అని ఇవాళే విన్నాను. సోమవారం నుంచి రండి," అంది. "నాన్నమ్మగారు రోజూ రానక్కర్లేదు."

బయటికొచ్చేసరికి మామ్మ పాయింటర్‌ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. రిక్షా కూడా పిలవకుండా నడిచాం. "నోరు మెదపనన్నాను," అంది సందు మలుపులో. "నువ్వు ఆగినావు. నువ్వాగితే బండి వత్తాది కదా అనుకున్నాను. బండి సప్పుడులో ఎవులికి వినపడతాది. నీ ఉజ్జోగం నానే పాడు సేసినానేటి?"

"ఉద్యోగం వచ్చింది మామ్మా."

మామ్మ అక్కడే ఆగిపోయింది. ఒక ఇంటి మెట్టు మీద కూలబడి, "మరైతే ఊరెల్లక్కర్నేదా?" అంది. అక్కర్లేదన్నాను. పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఎవరికేమైందోనని మంచినీళ్ళు తెచ్చింది. తాగి, ముక్కు చీదుకుని లేచాక అడిగాను, "మామ్మా, ఆ చెప్పేదేదో బెంగాలీలో ఎందుకు చెప్పావు?"

"మరి నవాబుకి తెలుగొచ్చా ఏటి?" అంది మామ్మ, నా చదువు మీద జాలిపడుతూ.

సుభాష్‌పల్లిలోనే ఇల్లు దొరికింది. మామ్మ ఆ ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది, అదే బజారు, అదే చేపలావిడ, అదే పోట్లాట. పోయేముందు కూడా ఊరు తీసుకెళ్ళమని అడగలేదు, ఊరు ఇదే కాబట్టి. షంటింగ్ మామ పోయాక ఆయన కోడలు ఆ ఆకుపచ్చ తువ్వాలు నాకే ఇచ్చింది, మా ఇంట్లో బీరువా అడుగున ఉంది. నేను అదే బడిలో ఉన్నాను. ఏటా ప్లాసీ యుద్ధం వస్తుంది, ఏటా ఆ వాక్యం దగ్గర నా వేలు లేస్తుంది. కరోనా కాలంలో ఫోనులో పాఠాలు చెప్పినప్పుడు నేనలా ఆగితే, "మిస్, మీ నెట్ పోయింది," అని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కేకలేశారు. మామూలు రోజుల్లో అలా కాదు. పై క్లాసు పిల్లలు కింది క్లాసు పిల్లలకి ముందే చెప్పి ఉంచుతారు, మిస్ వేలెత్తగానే ఏం చెయ్యాలో. నేను ఆగుతాను. క్షణం సేపు సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. తర్వాత క్లాసంతా ఒక్క గొంతుతో, పక్క క్లాసు టీచరు గోడ తట్టేంత గట్టిగా, "పేఛొనే దేఖో," అని అరుస్తుంది.

అయినా ఆ నవాబు వినడు. ఏటా వెనక్కి చూసుకోకుండానే ఓడిపోతాడు. నా జుట్టులో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి, నాకు అర్థం కావలసినవన్నీ అర్థమయ్యాయి, హిస్టరీ మార్చకూడదని నేనే పిల్లలకి చెప్తాను. అయినా వేలు గాల్లో ఉన్న ఆ క్షణంలో ఒక్కోసారి కిటికీ వైపు చూస్తాను, ఈ ఏడైనా వింటాడేమోనని.